డివిజన్ 1 కాలేజీలో సెంటర్‌ఫీల్డర్: ప్రొఫెషనల్ బేస్‌బాల్‌కి దారి ఎలా ఉంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి ఉపయోగం. మీ అబ్బాయి నార్త్ కరోలినాలో ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీలో రెండో ఏడాది, సెంటర్‌ఫీల్డ్, అంటే ఔట్‌ఫీల్డ్ మధ్యలో, ఆడతాడు, ఈ సీజన్ బ్యాటింగ్ యావరేజ్ .312 (వెయ్యి ప్రయత్నాలకి 312 హిట్ల లెక్క). "వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో నీ పేరు ఉంటుంది" అని కోచ్ అన్నాడు (డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా, రౌండు తర్వాత రౌండుగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడం). ఇది జరిగే పనేనా, జరిగితే దారి ఎలా ఉంటుంది, డిగ్రీ మధ్యలో వదిలేయాలా, తల్లిదండ్రులుగా మేం ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. డ్రాఫ్ట్ అవ్వడం జరగొచ్చు. మేజర్ లీగ్‌లో, అంటే ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయిలో, ఆడటం చాలామందికి జరగదు. రెండిటి మధ్య మైనర్ లీగ్‌ల్లో (మేజర్ లీగ్ కింది స్థాయిలు) నాలుగైదేళ్ళ బస్సు ప్రయాణం ఉంది. మీవాడి విషయంలో ముందు తేలాల్సింది .312 సంగతి కాదు, పైకి వెళ్ళాక కూడా వాడు సెంటర్‌లోనే నిలబడగలడా లేదా అన్నది. నిలబడగలిగితే బ్యాట్ కాస్త వెనకబడినా జట్లు ఓపిక పడతాయి. లెఫ్ట్‌ఫీల్డ్‌కో రైట్‌ఫీల్డ్‌కో (ఈ పక్క స్థానాల్ని కార్నర్లు అంటారు) జరిపేస్తే ఆ రోజు నుంచి లెక్క వేరు. ఇక డిగ్రీ, మూడో ఏడాది అయ్యాక వెళ్ళినా అది ఎక్కడికీ పోదు, కాకపోతే చదువుకయ్యే డబ్బు కాంట్రాక్టులో రాయించుకోవాలి.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరులో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడుతూ పెరిగాను, ఇరవై ఏళ్ళ పైనుంచి డాలస్ దగ్గర ఉంటున్నాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలూ శని ఆదివారాలూ ఊరూరూ తిరిగి ఆడే ట్రావెల్ జట్ల కుర్రాళ్ళకి ఔట్‌ఫీల్డ్ కోచింగ్. మధ్యలో ఆరేళ్ళు ఒక మేజర్ లీగ్ జట్టుకి అసోసియేట్ స్కౌట్‌గా తిరిగాను (స్కౌట్ అంటే జట్టు కోసం ఆటగాళ్ళని వెతికేవాడు). పేరు గొప్ప ఊరు దిబ్బ ఉద్యోగం అది, జీతం లేదు, ఒక టోపీ ఇచ్చారు. స్టాప్‌వాచ్ పట్టుకుని కాలేజీ గ్రౌండ్లు తిరగడం, కుర్రాడెవడైనా బాగున్నాడనిపిస్తే ఆ ప్రాంతం చూసుకునే ఏరియా స్కౌట్‌కి ఫోన్ చేయడం, అంతే పని. కానీ స్కౌట్ల పక్కన కూర్చుని వాళ్ళు ఏం రాసుకుంటున్నారో చూసే అవకాశం దొరికింది. కింద రాసేదంతా అక్కడ నేర్చుకున్నదే.

యావరేజ్ గురించి ముందు మర్చిపోండి

.280 ఉన్న కుర్రాడి మీద పేజీలు నింపి, అదే జట్టులో .360 ఉన్నవాడు బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు లేచి వెళ్ళి హాట్ డాగ్ కొనుక్కొచ్చిన స్కౌట్లను కళ్ళారా చూశాను. మంగళవారం మ్యాచ్‌లో నాలుగో రకం పిచ్చర్ (బంతి విసిరేవాడు) మీద కొట్టిన నాలుగు హిట్లు, శుక్రవారం రాత్రి ఎదుటి జట్టు ఏస్ (వాళ్ళ మేటి పిచ్చర్) మీద కొట్టిన ఒక్క డబుల్‌కి (రెండో బేస్ దాకా తీసుకెళ్ళే హిట్) సాటి రావు. యావరేజ్‌లో మాత్రం నాలుగు నాలుగే, ఒకటి ఒకటే.

వాళ్ళ మార్కులు 20 నుంచి 80 దాకా ఉంటాయి. 50 అంటే మేజర్ లీగ్ సగటు, కాలేజీ సగటు కాదు, ఇది గుర్తు పెట్టుకోండి. మార్కులు ఐదు విషయాలకి: బంతిని తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, త్రో. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఐదింట్లో రెండు 50 దాటితే ఆ స్కౌట్ మళ్ళీ వస్తాడు.

పరుగు మాత్రం మీరే ఇంట్లో కూర్చుని కొలవొచ్చు. కుడిచేతి బ్యాటర్ బంతి కొట్టిన క్షణం నుంచి ఫస్ట్ బేస్ మీద కాలు పడేదాకా 4.3 సెకన్లు పడితే దాదాపు 50. ఎడమచేతి వాడు బేస్‌కి ఒక అడుగు దగ్గరగా నిలబడతాడు కాబట్టి వాడికి 4.2. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒకటి రెండు సార్లు కాదు, పది పదిహేను సార్లు చూడండి. ఔటైపోయానని తెలిసి కూడా పూర్తిగా పరిగెత్తిన వాటినే లెక్కలోకి తీసుకోండి. మీవాడు అలాంటప్పుడు సగంలో నెమ్మదిస్తున్నాడా? ఆ విషయం మీకంటే ముందే స్కౌట్ పుస్తకంలో ఉంటుంది.

సెంటర్‌లో ఉంటాడా, జరుగుతాడా

మనలో క్రికెట్ ఆడినవాళ్ళకి ఔట్‌ఫీల్డ్ అంటే డీప్ మిడ్‌వికెట్‌లో స్కైయర్ కింద నిలబడటం లాంటిదే కదా అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ ఇక్కడ సెంటర్‌ఫీల్డర్‌కి కుడి ఎడమలు రెండూ వాడివే, వెనకాల గోడ ఉంటుంది, బంతి నేరుగా తన మీదకి వస్తుంది కాబట్టి దూరం అంచనా వేయడం అన్నిటికన్నా కష్టం. బ్యాట్‌కి తగిలిన శబ్దంతోనే మొదటి అడుగు పడాలి. ఆ అడుగు తప్పు దిక్కులో పడితే ఆ తర్వాత ఎంత పరిగెత్తినా ఒకటే.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. 60 గజాలు 6.5 సెకన్లలో పరిగెత్తేవాడు, అది చాలా మంచి టైము. అయినా సెంటర్‌లో వాడి తల మీదుగా బంతులు పడిపోయేవి, వాళ్ళ నాన్నేమో ఎండ కళ్ళలో పడుతోందని వాదించేవాడు. వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూస్తే విషయం తెలిసింది. బంతి తగలగానే ప్రతిసారీ ఒక అడుగు ముందుకి వేసి, అప్పుడు వెనక్కి తిరుగుతున్నాడు. ఆ ఒక్క అడుగే నాలుగైదు గజాలు మింగేస్తోంది. దీనికి మందు ఒక్కటే. జట్టు బ్యాటింగ్ ప్రాక్టీస్ చేస్తున్నంతసేపూ, మిగతా ఔట్‌ఫీల్డర్లు కబుర్లు చెప్పుకుంటూ బంతులు ఏరుతుంటే, వాణ్ణి సెంటర్‌లో నిలబెట్టి ప్రతి బంతినీ మ్యాచ్‌లో లాగే చదవమన్నాను. కోచ్ చేత్తో కొట్టే ఫంగో బంతులతో ఇది రాదు, అవి ఎటు వస్తాయో ముందే తెలిసిపోతుంది. ఏడాదిన్నర పట్టింది. తర్వాత వాణ్ణి పదో రౌండు దాటాక ఒక జట్టు తీసుకుంది, హై-ఏ (మైనర్ లీగ్‌ల నాలుగు మెట్లలో కింది నుంచి రెండోది) దాకా వెళ్ళి ఆగిపోయాడు.

నేను తప్పు చేసిన కేసు కూడా చెప్పాలి. ఒకడిని ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి చూసి "లెఫ్ట్‌ఫీల్డ్, చెయ్యి బలహీనం, బలం లేదు, వద్దు" అని రాసి పంపేశాను. ముందురోజు వాళ్ళు డబుల్‌హెడర్ (ఒకే రోజు రెండు మ్యాచ్‌లు) ఆడారని, వాడికి తొడ కండరం పట్టేసి ఉందని నేను కనుక్కోలేదు. మూడేళ్ళ తర్వాత వాడు డబుల్-ఏలో (మూడో మెట్టు) సెంటర్ ఆడుతున్నాడు. అందుకే ఎవరైనా స్కౌట్ వచ్చి ఒక మ్యాచ్ చూసి వెళ్ళిపోతే, మళ్ళీ రాలేదని దిగులు పడకండి, ఎగిరి గంతులూ వేయకండి.

ఇక కార్నర్లకి జరిగితే ఏమవుతుంది? లెఫ్ట్‌లో, రైట్‌లో ఆడేవాడు కొట్టాలి. ఏడాదికి 20, 25 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్స్ లాంటివి) కొట్టే బ్యాట్ కోసం చూస్తారు, రైట్‌లో అయితే దాంతోపాటు థర్డ్ బేస్ దాకా పోయే త్రో కూడా కావాలి. ఆ స్థానాలకి పోటీ కూడా ఎక్కువ, ఎందుకంటే కాళ్ళు నెమ్మదించిన సెంటర్‌ఫీల్డర్లందరూ చివరికి చేరేది అక్కడికే. దీనికి మినహాయింపు ఉంది, ఆ మినహాయింపే విషయాన్ని బాగా చెప్తుంది. స్టీవెన్ క్వాన్ 5 అడుగుల 9 అంగుళాలవాడు, ఒరెగాన్ స్టేట్‌లో ఆడాడు, 2018లో క్లీవ్‌లాండ్ అతన్ని ఐదో రౌండులో తీసుకుంది. పెద్ద బలమేమీ లేదు. 2022లో మేజర్ లీగ్‌కి వచ్చి, మొదటి 116 బంతుల్లో ఒక్కసారి కూడా బ్యాట్ ఊపి మిస్ కాలేదు. లెఫ్ట్‌లో మొదటి మూడేళ్ళూ గోల్డ్ గ్లోవ్ (ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు) గెలిచాడు. అంటే బలం లేకుండా కార్నర్‌లో బతకాలంటే ఆ స్థాయిలో తగిలించాలి, ఆ స్థాయిలో పట్టాలి. మీవాడు ఈ సీజన్ ఎన్నిసార్లు స్ట్రైక్ఔట్ (బంతి ఆడలేక మూడు స్ట్రైకులతో ఔట్) అయ్యాడో మీరు రాయలేదు. యావరేజ్ కన్నా నాకు ఆ అంకె కావాలి.

చెక్క బ్యాట్

కాలేజీలో మెటల్ బ్యాట్, ప్రొఫెషనల్‌లో చెక్క బ్యాట్. 2011 నుంచి కాలేజీ బ్యాట్లకి నిబంధనలు బిగించి జోరు తగ్గించారు గానీ తేడా ఇంకా ఉంది. మెటల్ బ్యాట్‌కి చేతుల దగ్గర తగిలిన బంతి కూడా ఇన్‌ఫీల్డ్ దాటి గడ్డిలో పడుతుంది. అదే చెక్క బ్యాట్‌తో అయితే బ్యాట్ విరిగి పిడి చేతిలో మిగులుతుంది. అందుకే చెక్క బ్యాట్‌తో ఆడే వేసవి లీగ్‌లకి అంత విలువ. అన్నిటికన్నా పేరున్నది మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్, 10 జట్లు, కుర్రాళ్ళు అక్కడి కుటుంబాల ఇళ్ళల్లో ఉండి ఆడతారు, గోడ వెనక ప్రేక్షకుల కన్నా స్కౌట్లే ఎక్కువ ఉన్నారా అనిపిస్తుంది. అక్కడి నుంచి పిలుపు రాకపోతే కోస్టల్ ప్లెయిన్ లీగ్ మీ ఇంటి దగ్గరే, నార్త్ కరోలినాలో చాలా జట్లున్నాయి. మిడ్‌వెస్ట్‌లో నార్త్‌వుడ్స్ లీగ్ ఉంది. రెండిట్లోనూ చెక్క బ్యాట్లే. ఈ వేసవి మీవాడు ఇంట్లో ఉండి జిమ్‌కి వెళ్తానంటే మాత్రం ఒప్పుకోకండి, దెబ్బ తగిలి ఉంటే తప్ప.

వేసవిలో యావరేజ్ పడిపోతుంది, అది మామూలే, టెన్షన్ పడొద్దు. వాళ్ళు చూసేది బంతి ఎంత వేగంతో బ్యాట్ వదిలి వెళ్తోందన్నది. గంటకి 95 మైళ్ళు దాటితే గట్టిగా కొట్టిన బంతి కింద లెక్క. ఇప్పుడు పెద్ద కాలేజీ మైదానాల్లో బంతి వేగం కొలిచే ట్రాక్‌మ్యాన్ యంత్రాలు ఉన్నాయి, స్కౌట్ గ్రౌండ్‌కి రాకపోయినా ఆ అంకెలు జట్ల ఆఫీసుల్లోకి చేరిపోతాయి. నేను స్టాప్‌వాచ్‌తో తిరిగిన రోజులకీ ఇప్పటికీ అదే పెద్ద తేడా.

డ్రాఫ్ట్ ఎలా జరుగుతుంది

నాలుగేళ్ళ కాలేజీలో చేరినవాడికి మూడో ఏడాది పూర్తయ్యాక గానీ, 21 ఏళ్ళు వచ్చాక గానీ డ్రాఫ్ట్ అర్హత వస్తుంది. రెండేళ్ళ జూనియర్ కాలేజీ అయితే ఏ ఏడాదైనా వెళ్ళొచ్చు. మీవాడు మొదటి ఏడాది రెడ్‌షర్ట్‌గా (ఆడే అర్హత ఏడాది ఖర్చు కాకుండా, మ్యాచ్‌లు ఆడకుండా) కూర్చుని ఉంటే ఆ ఏడాది కూడా లెక్కలోకి వస్తుంది, పుట్టినతేదీ కూడా ఒకసారి చూసుకోండి. వాడు ఇక్కడే పుట్టాడని రాశారు కాబట్టి వీసా తలనొప్పి లేదు. హెచ్-4 మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, తర్వాత కోచ్‌తో.

2019 వరకు డ్రాఫ్ట్ 40 రౌండ్లు ఉండేది. 2020లో కరోనా వల్ల 5 రౌండ్లకి కుదించారు, 2021 నుంచి 20 రౌండ్లు, జూలైలో జరుగుతుంది. 30 జట్లు, అంటే ఏడాదికి ఆరువందల పైచిలుకు పేర్లు, అందులో పిచ్చర్లే పెద్ద వాటా. ఈ మార్పు వల్ల ఏం పోయిందో అర్థం కావాలంటే కెవిన్ పిల్లర్‌ని చూడండి. డివిజన్ 2 కాలేజీ కుర్రాడు, 2011లో టొరంటో 32వ రౌండులో తీసుకుంది, సంతకానికి ఇచ్చింది 1,000 డాలర్లు. మేజర్ లీగ్‌లో పదేళ్ళకి పైగా ఆడాడు, సెంటర్‌ఫీల్డ్‌లో అతను గాల్లోకి దూకి పట్టిన క్యాచ్‌లు మీవాడు ఈపాటికి వందసార్లు చూసే ఉంటాడు. ఇవాళ 32వ రౌండు అనేదే లేదు. యాంకీస్ హోమ్ రన్ల స్టార్ ఆరన్ జడ్జ్‌ని 2010లో హైస్కూల్ నుంచి ఓక్లాండ్ 31వ రౌండులో తీసుకుంటే కాదని ఫ్రెస్నో స్టేట్‌కి వెళ్ళాడు, 2013లో యాంకీస్ మొదటి రౌండులో 32వ వాడిగా తీసుకుని 18 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ 31వ రౌండూ ఇప్పుడు లేదు. అయితే ఆ కుర్రాళ్ళు ఇప్పుడు మాయమైపోలేదు. డ్రాఫ్ట్ ముగిసిన గంటల్లోనే జట్లు మిగిలినవాళ్ళకి ఫోన్లు చేసి ఒప్పందాలు కుదుర్చుకుంటాయి. అందుకే డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే ఆ రాత్రి ఫోన్ స్విచాఫ్ చేసుకుని గదిలో పడుకోవద్దని చెప్పండి. ఇది జోక్ కాదు, నాకు తెలిసిన ఒకడు అదే చేశాడు.

డబ్బు లెక్క, అది ఎందుకు మూడో ఏడాదే

మొదటి 10 రౌండ్లలో ప్రతి స్థానానికీ ఒక స్లాట్ ధర (సంతకానికి ఇంత అని లీగ్ పెట్టిన అంచనా) ఉంటుంది. ఒక జట్టుకున్న స్లాట్లన్నీ కూడితే దాని పూల్. పూల్ దాటితే జరిమానా, 5 శాతం మించి దాటితే మరుసటి ఏడాది మొదటి రౌండు ఎంపికే పోతుంది. ఈ పది రౌండ్లలో తీసుకున్న కుర్రాడు సంతకం పెట్టకపోతే వాడి స్లాట్ డబ్బు పూల్‌లోంచి ఎగిరిపోతుంది. అందుకని పేరు చదవకముందే ఫోన్ వస్తుంది: "ఇంత ఇస్తే సంతకం పెడతావా?" నీళ్ళు నమిలితే పక్కవాడికి వెళ్ళిపోతారు. 11వ రౌండు నుంచి 1,50,000 డాలర్ల దాకా ఇచ్చేది పూల్ లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీవాడి మూడో ఏడాది ఎందుకు ముఖ్యమో చూడండి. అప్పుడు వాడికి "మీ ఆఫర్ వద్దు, ఇంకో ఏడాది కాలేజీలో ఆడతాను" అనే మాట చేతిలో ఉంటుంది. నాలుగో ఏడాది అయ్యాక ఆ మాట ఉండదు. జట్లకి ఇది బాగా తెలుసు. ఆరు నుంచి పది రౌండ్ల మధ్య సీనియర్లను పది, ఇరవై వేల డాలర్లకి సంతకం పెట్టించుకుని, మిగిలిన స్లాట్ డబ్బుని ఇంకో హైస్కూల్ పిల్లాడికి మళ్ళిస్తారు. అన్యాయంగా కనిపిస్తుంది, కానీ నిబంధనల ప్రకారమే. కాబట్టి మూడో ఏడాది జూన్ నాటికి మీ ఇంట్లో ఒక అంకె తేలి ఉండాలి, దానికన్నా తక్కువైతే వెళ్ళం, ఎక్కువైతే వెళ్తాం అని. ఆ అంకె వాడు చెప్పాలి, మీరు కాదు. మీరు చెప్పి, వాడు వెళ్ళలేక, నాలుగో ఏడాది భుజం దెబ్బతింటే జీవితాంతం మీ ఇద్దరి మధ్యా అది ఉండిపోతుంది.

డిగ్రీ గురించి. సంతకం పెట్టే కాంట్రాక్టులోనే మిగిలిన సెమిస్టర్ల ఖర్చు రాయించుకోవచ్చు, కాలేజ్ స్కాలర్‌షిప్ ప్లాన్ అంటారు. ఒక్కో సెమిస్టర్‌కి ఎంతో అంకెతో సహా రాయించండి. ఆట మానేసిన రెండేళ్ళలోపు చదువు మొదలుపెట్టకపోతే అది చెల్లదు. నా దగ్గర నేర్చుకున్న ఒకడు ఆట అయిపోయాక బాధలో ఉండి, తర్వాత చూద్దాం తర్వాత చూద్దాం అంటూ మూడో ఏడాది అడిగాడు. ఒక్క డాలర్ రాలేదు, అప్పు చేసి పూర్తి చేశాడు. అప్పుడు గట్టిగా చెప్పనందుకు నాది కూడా తప్పే.

సలహాదారుడి విషయంలో ఒక్క జాగ్రత్త: ఏజెంట్లు "ఫ్యామిలీ అడ్వైజర్" పేరుతో వస్తారు. కాలేజీలో ఆడే అర్హత పోకుండా ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుని రాతపూర్వకంగా అడిగిన తర్వాతే దేనిమీదైనా సంతకం.

ఆ తర్వాత బస్సు

సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ, ఇలా నాలుగు మెట్లు, 120 జట్లు, వాటికింద ఫ్లోరిడా, ఆరిజోనాల్లో జట్ల శిక్షణ కేంద్రాల్లో జరిగే కాంప్లెక్స్ లీగ్‌లు. కాలేజీ వాడు సాధారణంగా సింగిల్-ఏలోనో హై-ఏలోనో మొదలవుతాడు. కాలేజీలో లీగ్ సీజన్ 56 మ్యాచ్‌లు, ఇక్కడ 130 పైన. మంగళవారం నుంచి ఆదివారం దాకా వరసగా ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు, ఆ సెలవులోనే ప్రయాణం. చాలామంది కుర్రాళ్ళు ఆట చాలక కాదు, జూలై నెల తట్టుకోలేక వెనకబడతారు.

జీతం 2023 ఒప్పందం తర్వాత మెరుగుపడింది. అప్పట్లో నిర్ణయించిన కనీస జీతం సింగిల్-ఏలో ఏడాదికి 26,200 డాలర్లు, డబుల్-ఏలో 30,250, ట్రిపుల్-ఏలో 35,800. 2022 నుంచి ఇల్లు కూడా చాలామందికి జట్టే చూపించాలి. అంతకుముందు సింగిల్-ఏ కుర్రాడికి ఏడాదికి 11,000, ఒక అపార్ట్‌మెంట్లో ఆరుగురు నేలమీద పరుపులు వేసుకుని పడుకునేవాళ్ళు. ఇప్పుడు కూడా మన అసోసియేషన్ పార్టీలో "మీవాడు ఏం చేస్తున్నాడు?" అని ఎవరైనా అడిగి, జీతం కూడా అడిగితే (అడుగుతారు) నవ్వడం నేర్చుకోండి. అదే మేజర్ లీగ్‌లో కనీస జీతం 2025లో 7,60,000 డాలర్లు. మధ్యలో మెట్టు అనేదే లేదు, గోడ ఉంది. 30 జట్లు, ఒక్కోదాంట్లో 26 మంది, మొత్తం 780 కుర్చీలు. ఔట్‌ఫీల్డర్లకి జట్టుకి ఐదు అనుకోండి, 150. ప్రపంచం మొత్తానికి.

19 ఏళ్ళు నిండాక సంతకం పెట్టినవాడి మీద జట్టుకి ఇప్పుడు మైనర్లలో ఆరేళ్ళ హక్కు. నాలుగు సీజన్లు గడిచేసరికి మేజర్ లీగ్ జట్టు తన 40 మంది జాబితాలో చేర్చుకోకపోతే, రూల్ 5 డ్రాఫ్ట్‌లో (అలా మిగిలినవాళ్ళ కోసం జరిగే వేరే డ్రాఫ్ట్) ఇంకో జట్టు తీసుకోవచ్చు. కాబట్టి 25, 26 ఏళ్ళకి విషయం దాదాపు తేలిపోతుంది. దాదాపు అంటున్నాను, ఎందుకంటే మైక్ యాస్ట్రెమ్‌స్కీ ఉన్నాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో సీనియర్‌గా 2013లో 14వ రౌండు, ఆరేళ్ళు మైనర్లలోనే, ఇంకో జట్టుకి బదిలీ అయ్యాక 2019లో 28 ఏళ్ళకి మొదటి మేజర్ లీగ్ మ్యాచ్. జె.డి. మార్టినెజ్ మేజర్లకి చేరాక కూడా 2014 మార్చిలో హ్యూస్టన్ వదిలేసింది. అప్పటికే స్వింగ్ మొత్తం మార్చుకుని ఉన్నాడు, డెట్రాయిట్ తీసుకుంది, 2017లో 45 హోమ్ రన్లు కొట్టాడు. అతనూ డివిజన్ 2 వాడే, 20వ రౌండు. ఇలాంటివి చదివి ఆశ పెంచుకోవడం మంచిదే, కానీ వీళ్ళ కథలు మనకి తెలియడానికి కారణం అవి అరుదు కావడమే.

బ్రెట్ గార్డ్‌నర్ కథ కూడా ఎవరో ఒకరు మీకు పంపిస్తారు, అందుకే ముందే చెప్తున్నాను. కాలేజ్ ఆఫ్ చార్ల్‌స్టన్‌లో ట్రయల్స్‌కి వెళ్తే తీసుకోలేదు, నాన్న కోచ్‌కి ఉత్తరం రాశాడు, కుర్రాడికి ఇంకో అవకాశం దొరికింది, 2005లో యాంకీస్ మూడో రౌండులో తీసుకుంది, 14 సీజన్లు అక్కడే ఆడాడు. నిజమే. కానీ ఆ ఉత్తరం పనిచేసింది ఆ కుర్రాడి కాళ్ళ వల్ల. మీరు కోచ్‌కి ఉత్తరాలు రాయకండి.

మనవాళ్ళెవరైనా ఉన్నారా అని కూడా అడిగారు. అర్జున్ నిమ్మల, ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది కదా. ఫ్లోరిడాలో హైస్కూల్ నుంచి నేరుగా, 2023లో టొరంటో మొదటి రౌండులో 20వ వాడిగా తీసుకుంది. అప్పటికి 17 ఏళ్ళు. అయితే అతను షార్ట్‌స్టాప్, ఫ్లోరిడా స్టేట్‌లో సీటు ఉన్నా కాలేజీకి వెళ్ళలేదు, కాబట్టి మీవాడి దారి వేరు. ఆ డ్రాఫ్ట్ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో బేస్‌బాల్ అంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా కంగ్రాట్స్ పెట్టారు, నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి, దాచుకోను.

మీరు ఏం చేయాలి

మ్యాచ్‌లకి వెళ్ళండి. డగౌట్ దగ్గరికి వెళ్ళి నీళ్ళ సీసాలు, అరటిపళ్ళు అందించకండి, వాడికి ఇరవై ఏళ్ళు. అంపైర్ మీద అరవకండి. స్కౌట్లు తల్లిదండ్రులని కూడా చూస్తారు, నేనూ చూసేవాణ్ణి, రాసేవాణ్ణి. ఎవరైనా వచ్చి పలకరిస్తే వీడియోలు చూపించకండి, అడిగినదానికి జవాబు చెప్పండి చాలు. అడిగేవి చాలావరకు మీరు ఊహించనివి: ఇంట్లో ఎవరికైనా మోకాళ్ళ నొప్పులున్నాయా, వాడు ఏ వయసులో పొడుగు సాగాడు, వాళ్ళ అమ్మ ఎంత ఎత్తు, మీరెంత ఎత్తు. శరీరం ఇంకా నిండుతుందా లేదా అని వాళ్ళ లెక్క. మా వంశంలో అందరూ ఆరడుగులే అని కోయకండి, మీరు పక్కనే నిలబడి ఉంటారు.

స్ట్రైక్ఔట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి దక్కే ఫస్ట్ బేస్) ఎన్నో, ఫస్ట్ బేస్‌కి టైము ఎంతో, ఏ చేత్తో కొడతాడో, ఈ వేసవి ఏ లీగో కింద రాయండి. వీడియో పెడితే హోమ్ రన్లవి వద్దు. సెంటర్‌ఫీల్డ్‌లో వాడి తల మీదుగా వెళ్ళిన బంతులు ఓ నాలుగు, దొరికినవీ దొరకనివీ రెండూ, బంతి బ్యాట్‌కి తగిలే క్షణం నుంచి వాడి కాళ్ళు కనపడేలా తీసి పెట్టండి. అవి చూశాక ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.